తడి ఎక్కడున్నది

సొహార్ కాలేజీల ఆట ఉన్న రాత్రి
నా చేతిల మాపు కర్ర ఉంటది.
విజిల్ ఊదితె ఉరుకుత, తుడుస్త,
మళ్ల ఊదకముందే గీత బయట పడ్త.
నలభై సెకండ్ల కొలువు.
ఎవ్వడు చప్పట్లు కొట్టడు,
ఎవడన్న జారి పడితె మాత్రం
అందరి కండ్లు నా దిక్కే.

కోచ్ నిజార్ ట్యూనిస్ నుంచి వచ్చి ఇది మూడో సీజను.
మొదటేడు పద్దెనిమిది ఆటలల్ల నాలుగు గెలిచిండు.
రెండోయేడు ఏడు.
ఈయేడు ఎనిమిది.

ఏడుకూ ఎనిమిదికీ నడుమ ఎంత దూరం?
గేటు బయట మలయాళీ కరక్ చాయ్ కొట్టు కాడ
నెల రోజుల సంది ఇదే పంచాయితీ.
"ఒక్కటంటె ఒక్కటి! గిట్ల నడిస్తె కప్పు వచ్చే యాళ్లకు
నా మనుమడు కాలేజీకొస్తడు" అంటడు ఖల్ఫాన్,
పోర్టు కస్టమ్స్‌ల పని చేసి దిగిన పెద్దమనిషి.
మూడో వరుసల నడిమి కుర్చీ ఆయనది.
ఫ్లాస్కుల కహ్వా, జేబుల ఖర్జూరాలు,
నోట్లె ఎప్పుడూ పాత కోచ్ పేరు.
ఆ పాతాయన ఉన్నప్పుడు
అంతకు ముందటాయన పేరు ఉండేదట.

డప్పు కొట్టే పిలగాండ్లు మంచోళ్లే.
పది పాయింట్లు ముందుంటె నిజార్ మా నాయన అంటరు,
నాలుగు ఎనుకబడితె ట్యూనిస్‌కు టికెట్టెంతని అడుగుతరు.

నన్నెవరు అడగలె.
అడిగితె చెప్తుంటి,
అయ్యా, మూడేండ్ల సంది నేను ఈళ్ల చెమట తుడుస్తున్న అని.

మొదటేడు చెమటంత ఒక్క కాడనే,
మన బుట్ట కింద.
గద్ద నీడ పడ్డ కోడిపిల్లల లెక్క ఐదుగురు ఆడనే.
ఆవలి మూలలకు వారాల తరబడి మాపు ఆనకపోయేది.
రెండోయేడు నడిమి గీత అవతల చుక్కలు కనవడ్డయి.
ఈయేడు ఆ ఎడమ మూల చూడుండ్రి,
అటు పోయిన బంతిని పోతె పోనీ అని ఇడిచిపెట్టే మూల,
అక్కడ బారెడు తడి.
మోకాళ్లు ఒరిసిన గీతలు, బూట్ల నల్ల చారలు,
సబ్బేసి రాస్తె గాని పోతలేవు.
రషీద్ అని ఓ బక్క పిలగాడు,
బోర్డు మీద ఆని పేరు ఎన్నడు ఎక్కదు,
ఆ మూలకు దునికి పడేది ఆడే.
లేచి, నన్ను చూసి, సారీ భాయ్ అంటడు.
అది గూడ మొదటేడు లేదు.

నేను తప్పు కావచ్చు.
జనవరిల ఏసీ ఖరాబయింది,
అప్పటి తడి అప్పటి ఉక్కపోతదేమో.

నాకూ ఉన్నరు చూసెటోళ్లు.
మెట్‌పల్లిల మా బామ్మర్ది భూమేశు
శుక్రారం శుక్రారం ఫోన్ల స్కోరు అడుగుతడు:
"మూడేండ్లాయె బావా,
మన గల్లీల అందరికి స్లాబులు పడ్డయి,
నీది పునాది కాడనే ఉన్నది."
నిజమే, పునాది కాడనే ఉన్నది.
ఏజెంటు బాకీ సగానికి దిగిన ముచ్చట
పునాది మీద ఎట్ల కనవడ్తది?

నిన్న నిజ్వా వాళ్ల మీద ఒక్క పాయింటుతో ఓడిపోయినం.
డప్పులు ఊకున్నయి.
నిజార్ బెంచీ మీద సీసాలు ఏరుకుంట చానసేపు ఉన్నడు,
ఆయనతోని ఎవరూ మాట్లాడలె.

అందరు పోయినంక ఖల్ఫాన్ మెట్లు దిగి
చెప్పులతోనే ఆ మూల దాకా వచ్చిండు.
"బాబా, తడి" అన్న.
ఆగిండు. కిందికి చూసిండు.
"ఇక్కడ తడేంది?"
నాకొచ్చిన అరబ్బీ నాలుగు ముక్కలల్ల చెప్పిన,
"పిల్లలు ఇక్కడిదాక వస్తున్నరు."
ఆయన ఆ చారలను చూసుకుంట నిలవడ్డడు,
కంటికి ఆననిది చదువుతున్నట్టు కండ్లు చిన్నగ చేసి.

జేబుల నుంచి ఒక ఖర్జూరం తీసి నా చేతిల పెట్టిండు.
"అయినా ఎనిమిదే గదా" అన్నడు.
"ఎనిమిదే" అన్న.

ఆయన పోయిండు.
తుడిచిన నేల మీద గింజ ఏడ ఉమ్మాల్నో తెలువక
బుగ్గల పెట్టుకొనే మిగిలిన మూల తుడిచిన.