చెవి

అంబాజీపేట సెంటర్లో నేను షట్టరు ఎత్తేసరికే
మెట్టు మీద ఉండేవాడు ఏసుపాదం,
ఒంటినిండా కొబ్బరి పీచు,
అరచేతిలో చెమటకి నానిన పది కాగితం.
"ఆ నొప్పిబిళ్ళలు రెండియ్యమ్మా."
ఏమైనా తిన్నావా అని అడిగేదాన్ని మొదట్లో.
తర్వాత మానేశాను.
కత్తెర చప్పుడే మా ఇద్దరి మాట.

రోజుకి వెయ్యి కాయ ఒలుస్తాడు.
నేలలో పాతిన గునపం మొనకి కాయ గుచ్చి
నడుం తిప్పి ఒక్క మెలిక.
వెయ్యి మెలికలు, ఒకే నడుం.
పరగడుపున టీ, టీతో బిళ్ళ,
తొమ్మిదేళ్ళు.

అతని చెవి సంగతి కొట్లన్నిటికీ తెలుసు.
కాయని చెవి దగ్గర ఒక్కసారి ఊపి
"ఇది కుళ్ళు. ఇది కురిడీకి ఉంచండి" అనేవాడు.
పగలగొట్టి చూస్తే
ఒక్కటీ తప్పేది కాదు.

తొలకరికి ముందు ఒకనాడు
"తారులా పోతోందమ్మా" అన్నాడు
ఎదురుగా వేస్తున్న రోడ్డు చూపించి, నవ్వుతూ.
రక్తం బిళ్ళలేమైనా మింగుతున్నావా అన్నాను.
లేదన్నాడు.
లేదంటే ఏమిటో నాకు తెలుసు.
అతని వెనక నలుగురు నిలబడి ఉన్నారు.
రెండు బిళ్ళలు కత్తిరించి ఇచ్చాను.

పీచుగుట్ట మీద కక్కాడట,
ముందు కాఫీపొడి రంగులో,
ఆనక ఎర్రగా.
పీచు పీల్చేసుకుంది,
ఎంత పోయిందో ఎవరికీ అంతు దొరకలేదు.

అమలాపురంలో గొట్టం దింపి చూశారు.
తెర మీద కడుపు గోడ,
పొర లేచిపోయినచోటల్లా నెత్తుటి ఊట.
"లోపల కోతపడింది" అన్నాడట డాక్టరు.
"ఏ ఒడ్డునండీ?" అన్నాడట మనవాడు మగతలో.
లంకలో పుట్టినవాడికి కోతంటే ఒకటే,
అర్ధరాత్రి ధబ్బుమంటుంది,
తెల్లారి లెక్కపెడితే రెండు చెట్లు తక్కువ.
కడుపు ఆపాటి చప్పుడైనా చెయ్యలేదు.

మూడు సీసాలు ఎక్కించారు.
అందులో ఒకటి నాది.
నీకెందుకమ్మా అన్నాడు మా ఓనరు.
గ్రూపు కలిసిందండీ అన్నాను.

నిన్న వచ్చాడు. మెట్టెక్కలేదు.
"అంతా బానే ఉంది గానీ, నడుం అలాగే ఉందమ్మా."
నా చెయ్యి దానంతటదే డబ్బా దాకా వెళ్ళింది.
వెనక్కి తీసుకున్నాను.
అతను ఏమీ అనలేదు.
సంచిలోంచి ఒక కాయ తీసి
చెవి దగ్గర ఊపి, "మంచిదే" అని
బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంకా కొట్టలేదు దాన్ని.
రాత్రి షట్టరు దించాక
నేనూ ఊపి చూశాను.
నీళ్ళు కదిలాయి.
అంతకుమించి నాకేమీ వినపడలేదు.