నూట పద్దెనిమిది

ఆరు వారాలకొకరు వస్తారు.
నార్వే నుంచి వచ్చిన ఈ పిల్ల పదకొండోది.
పేరు సున్నీవా. తెల్ల బూట్లు.
మంగోచి ఎర్రమట్టి మూడో రోజుకే
వాటిని తన దారికి తెచ్చుకుంది.

నన్ను అసియాతు అంటారు, ఇక్కడి సహాయకురాలిని.
పదిహేడేళ్లుగా ఈ వార్డులో
కాళ్లు ఎత్తుతున్నాను, దించుతున్నాను.
నా చేతులకు డిగ్రీ లేదు. బరువు తెలుసు.

వచ్చిన ప్రతివాళ్లకూ ముందు నాలుగు మాటలు నేర్పుతాను.
ఇమిరిరా, లే. ఖలా పన్సి, కూర్చో.
పాంగోనో పాంగోనో, మెల్లగా మెల్లగా.
పెపానీ.
ఆఖరిదాన్ని ఆ పిల్ల ‘క్షమించండి’ అని రాసుకుంది.
సగమే రాసుకున్నావు, అన్నాను.
దారిలో ఎవరో తట్టుకుని పడితే
తప్పు మనది కాకపోయినా అంటాం.
రాయి తరఫున అంటామేమో.

సయీదీ కథ మామిడిచెట్టు మీద మొదలు.
కొమ్మ విరిగింది, తొడ విరిగింది.
మంచం చివర ఇటుకలు వేలాడే తాడుకు
ఎనిమిది వారాలు కట్టుబడి ఉన్నాడు.
ఎముక అతుక్కుంది. మోకాలు మాత్రం
తుప్పుపట్టిన తలుపు బందులా మొండికేసింది.

సున్నీవా జేబులోంచి కొలబద్ద తీసి
మోకాలి పక్కన విప్పింది. నలభై రెండు.
కాగితం మీద ‘లక్ష్యం’ అని ఒక గడి.
అందులో ‘మెట్లు ఎక్కడం’ అని రాసింది.
నేను తర్జుమా చేశాను.
సయీదీ నన్ను చూశాడు, కిటికీలోంచి బయటికి చూశాడు.
‘ఏ మెట్లు?’
వాళ్ల ఊళ్లో ఉన్నది మసీదుకు ఒక్క మెట్టు.
అదీ అరిగి నేలలో కలిసింది.

మరి నీకేం కావాలని అడగమంది.
బ్వాటో, అన్నాడు. పడవ.
ఒకే మానును తొలిచిన పడవ,
మనిషి తొడలు పట్టేంత గాడి.
అందులోకి కాలు మడిచి దిగాలి.
ఎంత మడవాలి?
ఆమె పుస్తకంలో లేదు. నాకూ తెలియదు.
సరస్సు ఒడ్డునే పుట్టాను గానీ
మా నాన్న నన్నెప్పుడూ ఎక్కనివ్వలేదు.

ఆదివారం పొద్దున్నే తీసుకెళ్లాను,
చేపలు ఎండే తడికల మధ్యనుంచి.
సయీదీ తమ్ముడు పడవను ఇసుకలో అదిమి పట్టుకుంటే
ఆమె దిగి, మోకాలు మడిచింది.
నేను కొలిచాను.
నూట పద్దెనిమిది.
ఇప్పుడు నీళ్లలో చూస్తానంది.
పడవ ఆమెను ఎంతసేపు భరించిందంటే
నేను ఒక చెప్పు విడిచేంతసేపు.

వలలు కుట్టే ముసలివాళ్లూ, గిన్నెలు తోమే ఆడవాళ్లూ,
ఒడ్డు ఒడ్డంతా ఒక్క గొంతుతో
పెపానీ!
తడిజుట్టు తొలగించుకుని ఆమె నావైపు చూసింది.
మిగతా సగం అప్పుడు రాసుకుందనుకుంటా.

సోమవారం గడిలో మెట్లు కొట్టేసింది.
పడవ అంచు ఎంత ఎత్తో అంత ఎత్తులో
వార్డు గోడ మీద పెన్సిలు గీత గీసింది.
కడ్డీ పట్టుకుని, మోకాలు మడిచి,
పాదం ఆ గీత దాటాలి.
సయీదీ యావో భాషలో తిట్టేవాడు.
ఆ తిట్లు నేను తర్జుమా చెయ్యలేదు,
ఆమె అడగలేదు.

అరవై. డెబ్బై ఒకటి.
తొమ్మిది రోజులు అక్కడే.
తర్వాత ఒక పొద్దున ఎందుకో ఎనభై మూడు.
ఆమె వెళ్లే రోజుకు నూట నాలుగు.
‘పధ్నాలుగు బాకీ’ అంది, చేతులు కడుక్కుంటూ,
సబ్బు నురగ ఎప్పుడో పోయినా
ఇంకా కడుక్కుంటూ.

నూట తొమ్మిది దగ్గర సయీదీ రావడం మానేశాడు.
ఉసిపా చేపల కాలం వచ్చింది మరి.
చూసినవాళ్లు చెప్పారు,
కుడికాలు పడవ బయటికి చాపి
రెండో తెడ్డులా పెట్టుకుని పోతున్నాడట.
రిజిస్టరులో ఏం రాయాలో తోచక రెండు రోజులు ఆగాను.
తర్వాత రాశాను: లక్ష్యం చేరాడు.
తొమ్మిది డిగ్రీలు తక్కువ. సరస్సు సర్దుకుంది.

పన్నెండో పిల్ల నిన్న దిగింది. తెల్ల బూట్లే.
గోడ మీద ఈ గీత ఏమిటంది.
కూర్చో, అన్నాను.
ముందు నాలుగు మాటలు.