ఆపరేటర్ లాగ్‌బుక్కు, వెనక పేజీ

మాఖ్వలా,
నువ్వు గెలిచావని రాత్రి గని సైరన్ రెండుసార్లు కూసింది.
ఒకటి నీకోసం. రెండోది ఎవడో తాగి నొక్కి ఉంటాడు.
మా ఆవిడ దాచుకున్న పుల్ల ప్లమ్ పచ్చడి సీసా మూత తీసింది.
మనవరాలు గోడమీది నీ బొమ్మకి బొగ్గుతో మీసాలు దిద్దింది.
ఏమనుకోకు, ప్రేమే.

అడక్కుండా సలహా చెప్పేవాణ్ణి
మన షావ్‌క్వాలో కాణీకి కొనరు.
అయినా నలభై ఒక్క ఏళ్లు
ఈ లోయ మీద మనుషుల్ని ఇనప తాడుకి వేలాడదీసినవాణ్ణి,
రెండు ముక్కలు చెప్పనీ.

నీకు కారిస్తారు. తీసుకో.
వద్దనడం కూడా ఒక డాబే.
కానీ మంగళవారం పొద్దున్న ఆరింటి షిఫ్టుకి
మా రేకు డబ్బా ఎక్కు.
కెమెరాలవాళ్లు వద్దు. పట్టేది ఎనిమిదిమందే.

గుర్తుందా, ఆ ఫిబ్రవరి?
బంగాళాదుంపల బస్తాతో ముసలి పెపెలా తొమ్మిదో మనిషై నిలబడితే
నువ్వు మాట్లాడకుండా దిగిపోయావు.
నాలుగువందల మెట్లు. మంచు. ఆ అరిగిన బూట్లు.
పైనుంచి చూస్తే
తెల్ల దుప్పటి మీద చీమలా ఉన్నావు.
నా ఓటు ఆ పూటే పడిపోయింది,
పెట్టె ఇంకా పదిహేనేళ్ల దూరంలో ఉండగానే.

ఇంకోటి, తాడు సంగతి.
కొత్త కుర్రాళ్లు దాన్ని చూస్తారు. నేను వింటాను,
స్క్రూడ్రైవర్ మొన ఇరుసుకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని.
తాడు ఒక్కసారిగా తెగదమ్మా.
లోపల ఒక్క పోగు తెగుతుంది ముందు:
ఈగ అద్దానికి కొట్టుకున్నంత చప్పుడు.
నీ చుట్టూ చేరేవాళ్లు మోటార్లు. హోరెత్తిస్తారు.
రోజుకో పావుగంట వాళ్లని ఆపేయించు.

నువ్వు ఎక్కిన డబ్బా పైకి పోవాలంటే
అవతలి డబ్బా కిందికి దిగాలి.
ఒకే తాడు. ఇది నా తత్వం కాదు, యంత్రం అలాగే చేశారు.
సగం దారిలో ఒక్క రెప్పపాటు
రెండూ పక్కపక్కన వస్తాయి.
అప్పుడు కాగితాలు చూసుకోకు.
ఎదుటి కిటికీలో రాత్రి షిఫ్టు దిగి వస్తుంటుంది,
కళ్ల చుట్టూ నల్ల మాంగనీసు, నోరు తెరిచి నిద్రపోతూ.

సరే. అసలు మాటకి రానా?
వాక్యం మూడుసార్లు కొట్టేశాను ఇక్కడ, మరకలు చూడు.
పద్దెనిమిది రోజుల సమ్మెలో
పదకొండో రాత్రి డైరెక్టరుని పైకి చేర్చింది నేనే.
నెల జీతం ఇచ్చాడు. కూతురికి జ్వరం అని చెప్పొచ్చు,
జ్వరం నిజమే,
కానీ ఆ డబ్బులో సగంతో రేడియో కొన్నాను.

నీకు తెలుసు. మర్నాడు నా కిటికీ దగ్గరికి వచ్చి
అగ్గిపెట్టె అడిగావు, సిగరెట్టు వెలిగించుకున్నావు, వెళ్లిపోయావు.
అది క్షమాపణ అనుకున్నావేమో.
నాకు మాత్రం ఆ అగ్గిపుల్ల ఇంకా ఆరలేదు.

కాబట్టి, నా ఏలికా, నా సలహా ఇది ఒక్కటే, మిగిలినవన్నీ దారి ఖర్చు:
తప్పు చేసినవాణ్ణి పేరు పెట్టి పిలువు.
నలుగురిలో కాకపోతే నాలుగ్గోడల మధ్య.
తిట్టు. కారణం అడుగు. రేడియో సంగతి చెప్పనివ్వు.
నీ మంచితనపు మౌనం మోయడం
బంగాళాదుంపల బస్తా కంటే బరువు;
మెట్లు దిగినా దిగదు.

వాతావరణం: పొగమంచు.
ఆఖరి ట్రిప్పు: ముగ్గురు మనుషులు, ఒక మేక.
రెండో చక్రానికి గ్రీజు లేదు, కిర్రుమంటోంది.
మూడు అర్జీలు పెట్టాను.
ఇది నాలుగోది. ఇది సలహా కాదు.

ఒటియా,
కింది స్టేషను