చీజా, మాంసమా

కరెంటు బిల్లు వెనక రాస్తున్నాను.
అదార్ నెల ఏడో తేదీ, ఆదివారం.
పగలంతా ఉపవాసం, చుక్క పొడిచాక భోజనం.
మా సంఘానికి ఏడాది మొత్తానికీ ఇదొక్కటే పండగ.
పోయినవాళ్ళకి కడసారి స్నానం చేయించే సంఘం మాది.
ఎల్ పాసోలో యూదులం కొద్దిమందిమి,
నీళ్ళు పోసే చేతులే గరిటె కూడా తిప్పాలి.

ఎనిమిది మందికి. నిరుడు తొమ్మిది.

మొదటి ప్రశ్నే అసలు ప్రశ్న: చీజా, మాంసమా?
మా ఇళ్ళలో పాలూ మాంసం సవతులు.
గిన్నెలు వేరు, గరిటెలు వేరు,
అంట్లు తోమే పీచు కూడా వేరు.
ఒకే వంటింట్లో ఎడమొహం పెడమొహం కాపురం.
ఈ సరిహద్దు ఊరి వంటేమో
ఆ ఇద్దర్నీ ఒకే రొట్టెలో చుట్టి పడుకోబెడుతుంది.

బీన్స్‌ది ఏ పక్షమూ కాదు, అవకాడోదీ అంతే,
పెళ్ళిలో ఇరువైపులా చుట్టరికం ఉన్న మేనత్తలాగా
ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుంటాయి.
కానీ డబ్బా తిప్పి చదవాలి,
చిన్న అక్షరాల్లో పంది కొవ్వు నక్కి ఉంటుంది.
టోర్టియాల్లోనూ.
కళ్ళజోడు మర్చిపోయిన రోజు బజారుకెళ్ళి లాభం లేదు.

మెండెల్ ఫోన్ చేశాడు: "ఫహీతాలేగా?"
ఇరవై రెండేళ్ళుగా ఫహీతాలే.
ఫీనిక్స్ నుంచి ఐసు పెట్టెలో వచ్చే మాంసం,
ముందే ఉప్పు పట్టి ఉంటుంది, ఇంకో చిటికెడు వేస్తే సముద్రం.
నిమ్మరసం, జీలకర్ర, వెల్లుల్లి.
అదే పెనంలో వేగాయి కనక ఉల్లిపాయలు కూడా
మాంసం పార్టీలో చేరిపోతాయి.
ఆ చుయ్యిమనే చప్పుడు వింటూ డాక్టర్ సాల్ట్స్‌మన్
పెరట్లో మూడో చుక్క కోసం మెడ సాచి నిలబడతాడు.

గిటెల్ మార్మర్ మాత్రం ఏటా చెయ్యెత్తేది.
"ఒక్కసారి పాలభోజనం పెట్టండర్రా. నిజం చీజు, సాగేది.
ఆ సోయా చీజు నేను చచ్చాక నోట్లో పెట్టండి,
అప్పుడైతే తెలీదు."
ఓట్లు ఎనిమిది, ఒకటి.
ఆ ఎనిమిదిలో నా చెయ్యీ ఉంది.
నవ్వేసి ఫహీతా చుట్టుకునేది.
చుట్టడం ఆవిడకి ఎప్పటికీ రాలేదు,
మోచేతి దాకా కారేది.

జనవరిలో, దుమ్ము లేచిన మంగళవారం,
పెర్లా, నేను, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళం.
మూడు బకెట్లు, ధార తెగకూడదు,
ఒకటి ఖాళీ అయ్యేలోగా రెండోది వంచాలి.
లోపల మాట్లాడకూడదు. బయటికొచ్చాక చెప్పకూడదు.
చెప్పను.
చివర్న పేరు పెట్టి పిలిచి, మా చేతులెక్కడైనా తొందరపడితే
క్షమించమని అడుగుతాం.
అడిగాను.
అందులో చీజు సంగతి కూడా కలిపానని
పెర్లాకి ఇవాళే చెప్పాను.
పెర్లా నది అవతల హ్వారెస్‌లో పుట్టింది,
మాటలు దుబారా చెయ్యదు.
"ఎన్చిలాడాలు," అంది. "మిరపకాయలు నేను కాలుస్తాను."

కాబట్టి ఎన్చిలాడాలు ముప్పై మూడు, తలకి నాలుగు,
ఆ మిగిలిన ఒకటీ మెండెల్ అలకకి మందు.
ముద్ర ఉన్న చీజు డాలస్ నుంచి రావాలి,
ఖరీదు ఇక్కడ రాయను, బిల్లుకి అటువైపున్న అంకే చాలు.
కొత్తిమీర మూడు కట్టలు. ఉప్పునీళ్ళలో నానేసి
ఒక్కో రెమ్మా దీపానికెత్తి పురుగు కోసం చూడాలి,
ఆ పని సాల్ట్స్‌మన్‌కి, కాస్త ఆకలి మరుస్తాడు.
మాంసపు పెనం బీరువాలో, తాళం నా దగ్గర.
ఉపవాసం ఒక మేలు చేసింది:
పొద్దున మాంసం తిన్నాను, ఆరు గంటలు ఆగాలి
అనేవాళ్ళు ఎవరూ ఉండరు.
కేసో మాత్రం చివర్న, అందరూ కూర్చున్నాక,
వేడిగా,
ధార తెగకుండా.

మెండెల్‌కి ఫోన్ చేసి చెప్పాను, ఈసారి మాంసం లేదని.
అవతల చాలాసేపు టీవీ చప్పుడు తప్ప ఏమీ లేదు.
తర్వాత అడిగాడు:
"సాగేదేనా?"