ఇతరములు

అయ్యా, విమానం కంపెనీ వారికి
కొర్లగుంట డోలు చెంగల్రాయులు చెప్పుకునేది.
రాస్తా ఉండేది నేను కాదు,
లీలామహల్ కాడ నెట్ సెంటర్ నస్రీన్ పాప.
నేను చెప్తా ఉండాను, ఆ బిడ్డ కొడతా ఉంది.
కొట్టడమంటే నా పనే అనుకుంటి ఇన్నాళ్ళూ.

పోయిన కార్తీకంలో, ముసురు పట్టిన శుక్రవారం
రేణిగుంటలో పొద్దున ఆరూ పదికి మీ విమానం.
హైదరాబాదులో పదీ నలభైకి తాళి.
పెండ్లోళ్ళు మనూరోళ్ళే. తిరుపతి మేళమే కావాలని
గొప్పకు పోయి విమానం టికెట్లు పంపినారు.
గురునాథం సన్నాయిని చంకలో పెట్టుకుని
దర్జాగా లోపలికి పోయినాడు.
నా డోలును మాత్రం తూకం మీద పెట్టమన్నారు.

ఒళ్ళో పెట్టుకుంటానమ్మా, అంటిని.
రెండేళ్ళ లోపు బిడ్డలకే సార్, అనింది కౌంటర్లో అమ్మాయి.
దీనికి నలభై ఒకటి.
అబద్ధం చెప్పే నోరు లేక కింద పెట్టినాను.
గాజు గ్లాసు బొమ్మేసిన కాయితం అంటించి
నల్ల రబ్బరు పట్టీ మీద సాగనంపినారు.
ఆ తెర కింద దూరిపోతా ఉంటే
వెనక్కి తిరిగి చూసినట్టే అనిపించింది, డోలుకు
ముందేది, వెనకేది!

ఆరూ పది ఎనిమిదైంది. ఎనిమిది తొమ్మిదిన్నరైంది.
ఎందుకమ్మా అంటే ఆపరేషనల్ అన్నారు.
ఆపరేషనా, ఎవరికి, అన్నాడు గురునాథం.
నవ్వేదానికి ఎవరికీ ఓపిక లేదు.
అద్దంలోంచి చూస్తే వాన. వానలో ఒక బండి.
బండి మీద పెట్టెల నడుమ, పచ్చగుడ్డ చుట్టుకుని
నా డోలు నానతా ఉంది.
అద్దం మీద కొట్టినాను, రెండు చేతులా.
ఇంత బతుకులో నేను కొట్టి పలకనిది
ఆ అద్దం ఒక్కటే.

మండపానికి చేరేసరికి ఒకటింబావు.
తాళి కట్టేసినారు.
గట్టిమేళం, గట్టిమేళం అని అయ్యవారు అరిస్తే
పెండ్లికూతురి తమ్ముడు సెల్ ఫోను తీసి
మైకుకు ఆనించినాడంట.
నడుమ అడ్వర్టైజుమెంటు వచ్చిందంట,
సబ్బుదో, బనియన్లదో.
పెద్దాయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు.
అన్నం తినండి, అన్నాడు.
ఆకు ముందర కూర్చున్నాను.
కొట్టకుండా తిన్న పెండ్లి కూడు అదొక్కటే,
ఇంకా అరగలేదు.

ఇప్పుడీ ఫారంలో,
చెడిన సామాను ఏమిటని ఒక గడి ఉందంట.
నస్రీన్ చదవతా ఉంది: సూట్‌కేసు, పిల్లల బండి,
గోల్ఫు కర్రలు, ఇతరములు.
ఇతరములు నొక్కింది.
బరువెంతని ఇంకో గడి. పద్నాలుగు కిలోలు.
కిలోకింతని కట్టిస్తారంట,
పనసచెక్కకూ అదే రేటు, తోలుకూ అదే రేటు.
చెక్క బాగానే ఉండాది సారూ. తోలు చీలింది.
పుత్తూరు మునెయ్య కొత్తది మూసి
మూడు దినాలు ఎండబెట్టి ఇచ్చినాడు.
వేళ్ళకు గూళ్ళు తొడుక్కుని వాయిస్తే
పలికింది. పలికిందిగానీ
మీరెవురు, అన్నట్టు పలికింది.
దీనికి ఏ గడిలో టిక్కు పెట్టాలో
నస్రీన్‌కు కూడా దొరకలేదు.

దుడ్లు వద్దనేంత గొప్పోణ్ణి కాను, ఇయ్యండి.
మళ్ళీ మీ విమానమే ఎక్కమని కూపన్లు మాత్రం పంపొద్దు.
ఆ బండి తోలిన పిల్లోణ్ణి పనిలోంచి తియ్యొద్దు,
వాడికీ గొడుగు లేదు, నేను చూసినాను.
జవాబు రాసేటప్పుడు
ప్రియమైన కస్టమర్ అని రాసుకోండి, పోనీ.
ఇతరములు అని మాత్రం రాయొద్దు.
డోలు అని రాయండి.
రెండే అక్షరాలు, మీకూ ఖర్చు తక్కువ.

తాతా, ఇంక నాలుగు అక్షరాలకే చోటుంది,
పంపించేదా, అంటా ఉంది.
పంపించమ్మా.
కాదు, ఉండు.
త ది తొం నం.
అది కొట్టు.