సాక్షి దిమ్మె

ఉప్పునుంతల చెరువు పూడికతీతల
మస్టరు పట్టుకున్న మేటుని నేను.
పొద్దుగాల ఒక ఫోటో, పగటీలి ఒక ఫోటో.
నెట్టు రాకుంటే కట్టెక్కి
ఫోను ఆకాశానికి ఎత్తి పట్టుకుంట.
కొలతల సారు వచ్చేదాకా
గుంత నడుమ ఒక మట్టి దిమ్మెను తవ్వకుండ ఇడుస్తం.
దాన్ని చూసినప్పుడల్లా మా తాత యాదికొస్తడు,
తాత ఎనక ఆ జర్మనోడు.

పల్లపు ఈదన్న.
సికింద్రాబాదుల పేరు రాయించుకుంటే
పూటపూటకు రొట్టె, నెలనెలకు జీతమని
ఎవడో చెబితే నడిచిపోయిండు.
తుపాకి ఇస్తరనుకున్నడు. పలుగిచ్చిన్రు.
ఓడెక్కిచ్చి, నీళ్ళు దాటిచ్చి, ఇసుకల దింపిన్రు.
విమానాలు దిగే జాగ సాపు జేసుడు,
విమానాలు కూలిన జాగ పూడ్సుడు.
"పాలమూరోనికి ఏ దేశమైతేంది, మన్ను మన్నే" అంటుండె.

ఒకనాడు పసుపు ముక్కు విమానం
కడుపు మీద జారుకుంట వచ్చి
పొద్దున వీళ్ళు సాపు జేసిన కాడనే ఆగింది.
రెక్క మీద కూసున్నడు పోరడు,
మీసం గూడ సరిగ రాలె.
చేతులు కాలినయి.
తాత బుడ్డి వంచి నీళ్ళు తాపిండు.

తోక మీద తెల్లటి గీతలు, వరుసగ.
తాతకు చదువు రాదు, గీతలొచ్చు.
మేస్త్రి గోడ మీద సున్నంతోని గీసేటివి అట్లనే గద,
గీతకు పది తట్టలు.
లెక్కవెట్టిండు. నలబై ఒకటి.
"నాలుగు వందల పది తట్టలు!
ఈ ఎర్రటి పోరడు ఏడ తవ్విండ్రా ఇంత మన్ను?"

పోరనికి ఏం సమజైందో,
ఎడమ చెయ్యిని ముంగట ఎగిరిచ్చిండు.
కుడి చెయ్యి పొద్దు దిక్కుకెళ్ళి దిగింది.
నోటితోని టటటట.
ఎడమది తొడ మీద పడ్డది.
మొదటి పదకొండు గీతల కాడ అలలు జూపిండు.
అటెనక గీతల కాడ వణికి జూపిండు, మంచు.
ఆఖరి వాటి కాడ నుదురు తుడుసుకున్నడు.
కొలువంత అంతే.
ఇంకో గుక్క నీళ్ళడిగిండు.

తాత ఒక గీత మీద వేలు పెట్టి అడిగిండట,
దీంట్ల ఎంతమంది?
పోరడు ఒక వేలు జూపిండు. మల్ల రెండు.
మల్ల చెయ్యి దించుకున్నడు.

ఇరవై మూడో గీతకు ఇరవై నాలుగో గీతకు నడుమ
గీతంత జాగ ఉత్తదే ఉండె.
తాత ఆడ గూడ వేలు పెట్టిండు.
కుడి చెయ్యి ఎడమ చెయ్యి దాకా వచ్చింది.
రెండూ పక్కపక్కన కొంచెంసేపు ఎగిరినయి.
ఎటుదటు ఎల్లిపోయినయి.
టటట లేదు.

జీపుల ఎక్కించుకపోయిన్రు.
మా ఇంట్ల వాని పేరు గీతలోడు.

తాతకు పింఛను రాలె, కాయితం లేదు.
సాగర్ కాలువకు మన్ను మోసిండు, డిండి కట్టకు మోసిండు.
నులక మంచంల కూసోని రెండు చేతులతోని
జర్మనోని కొలువు మాకు చెప్పేటోడు.
మాకు టటటట కావాలె, మల్ల మల్ల అడుగుతుంటిమి.
ఉత్త జాగ కాడికి వచ్చేసరికి
తాత చేతులు నిదానమైతుండె, మాకు నిద్రొస్తుండె.
ఒక్కోసారి తనే అంటుండె,
"రంగు పెచ్చు ఊడిందేమో బిడ్డా, నాకేమెరుక."

నాయనమ్మ మాత్రం ఇడిసేది కాదు,
"నలబై ఒక్కటి కూల్చినోనికి నీళ్ళెట్ల పోసినవయ్యా?"
"దూప అన్నడు."

ఇయ్యాల సారొచ్చిండు.
దిమ్మెకు టేపు పెట్టిండు, మూడడుగుల రెండంగుళాలు.
రాసుకున్నడు. "ఇగ దీన్ని గూడ ఎత్తెయ్యిన్రి."
ఓర్సు అంజమ్మ పార లేపింది.
తవ్వింది ఎంతనో చెప్పనీకె
గిన్ని దినాలు తవ్వకుండ నిలబెట్టిన మన్ను
నాలుగు తట్టలల్ల అయిపోయింది.

"సారూ, ఈ నాలుగు తట్టలు ఎవరి పేరు మీద రాయాలె?"

సారు టేపు చుట్టుకుంటున్నడు.