కుట్టుకి వదిలిన జాగా

ముందు కుర్చీలు వేశాను.
మొక్క ఒక్కటీ కొనలేదింకా.
చినవాల్తేరులో మా ఇంటి వెనక
పగిలిన తొట్టీ, తుప్పు డ్రమ్మూ తీయించాక తేలిన నేల,
ఇరవై రెండడుగులకి పదిహేను.
తొమ్మిది ప్లాస్టిక్ కుర్చీలు, రెండు స్టూళ్లు.
గునపం భుజానేసుకొచ్చిన ఎర్నాయుడు
గుమ్మంలోనే ఆగిపోయాడు.
"తోటన్నావు. పెళ్లి పందిరేటమ్మా ఇది?"

ఒళ్లు చూడకుండా గుడ్డ కోస్తామా నాయుడూ?
ఎవరెక్కడ కూచుంటారో తెలీకుండా
నీడ ఎక్కడ కుట్టను?

మెడలో టేపు, చేతిలో సుద్దబిళ్ల.
మోకాలికీ మోకాలికీ మధ్య పళ్లెం పట్టాలి.
పళ్లేలతో ఇద్దరు ఎదురైతే
భుజాలు రాసుకోని దారి, నలభై అంగుళాలు.
వాన నీరు నిలవకుండా నేల వంపు మురుక్కాలవ వైపు.
హుద్‌హుద్ కూల్చిన వేప మోడు తవ్వించలేదు,
దాని మీద మంచినీళ్ల కూజా.

మా గాలి ఉత్త చేతుల్తో రాదు.
ఉప్పు పట్టుకొస్తుంది.
పోయినేడు గులాబీలు పెడితే
ఆకుల అంచులు ఇస్త్రీపెట్టె తగిలినట్టు మాడిపోయాయి.
అందుకే సముద్రం వైపు పొన్న, గోడ మీదికి కాగితంపూలు.
గన్నేరు వద్దన్నాను, పిల్లలొస్తారు.
గాలిని ఆపకూడదు, వడకట్టాలి,
కాన్వాసులా కాదు, మల్లు గుడ్డలా.

కుర్చీల వెనక నిమ్మగడ్డి, దోమలకి.
దారంచున మరువం, కుచ్చిళ్లు తగిలితే వాసన లేవడానికి.
చంద్రకాంత ఎందుకంటే
సాయంత్రం దాకా మొహం కడుక్కోదది.
నాలాగే.

ఇరవయ్యేళ్లు వీళ్ల పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ కుట్టాను.
పిలిచేవాళ్లు, పాపం, బొట్టు పెట్టి మరీ.
ముందురాత్రంతా హుక్కులూ కాజాలూ కుట్టి
ముహూర్తం వేళకి నిద్రపోయేదాన్ని.
అందరి చంకల కొలతా తెలుసు నాకు.
ఎవరెలా నవ్వుతారో తెలీదు.

మార్గశిర లక్ష్మివారాలు అన్నీ దాటనిచ్చి
ఓ శనివారం పిలిచాను.
పొన్న ఇంకా నా నడుమెత్తే, అయినా ఆగలేకపోయాను.
తవిటమ్మ వచ్చింది, మెహరున్నీసా, పండాగారి భార్య,
రెండు జాకెట్ల డబ్బులు బాకీ ఉన్న రమామణి కూడా.
"అబ్బో, ఎంత బావుందే" అన్నారందరూ.
ఫొటోలు తీసుకున్నారు.
నెత్తళ్లు నూనెలో వేసిన చప్పుడు విని
ఒక్కొక్కరే లేచి
వంటింటి వెనక గుమ్మం దగ్గరికి వచ్చేశారు.

బట్టలుతికే రాయి మీద తవిటమ్మ.
మెట్ల మీద ముగ్గురు, ఒకరి మోకాలి మీద ఒకరి మోచెయ్యి.
బోర్లించిన బకెట్ మీద పండాగారి భార్య,
మురీ మిక్చర్ పొట్లంలో చెయ్యి పెట్టి
ఏదో ఒడియా మాట చెబితే
మెహరున్నీసా నవ్వింది,
బాబిన్లో దారం అయిపోయాక పరిగెత్తే మిషన్లా.
ఆగదు.

అవతల నా తొమ్మిది కుర్చీలు
కొలతకి అంగుళం తేడా లేకుండా
ఖాళీగా.

ముందు ఒళ్లు మండింది.
చట్రం చేత్తో పట్టుకునే నిలబడ్డాను.
"కూకోవే, ఎంతసేపు నిలబడతావు" అని
రమామణి చీర సర్దుకుని జరిగింది.
జానెడు.
ఇరుక్కుని కూచున్నాను.
ఔటర్లో లంగరేసిన ఓడ ఏదో కూసింది.
బాకీ మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ప్రతి జాకెట్‌కీ లోపల రెండంగుళాలు వదుల్తాను,
ఒళ్లొస్తే విప్పుకోడానికి.
తోటకి వదల్లేదు, అదీ నా తప్పు.

పొద్దున్నే ఎర్నాయుణ్ణి పిలిపించి
మురుక్కాలవ పక్కన సుద్దతో గీశాను.
చంద్రకాంత ఇటు మార్చు. మరువం మెట్ల వారన.
రాయి జోలికి పోకు.
"మరి కుర్సీలో?" అన్నాడు.

ఒకదాన్లో పిల్లి పడుకుంది.
దానికి సరిగ్గా సరిపోయింది.